తీర్థం పట్టిన చేయి

"వెంట్రుకలో వెయ్యోవంతు కూడా ఉండదు ఆచారన్నా ఈ మందులో పొడి. నానో అంటారు. రాతిలోకే ఇంకిపోతాది. జిడ్డు పట్టదు, నాచు పట్టదు."

నంద్యాల నుంచి వచ్చిన ఏజెంటు, మా ఆళ్లగడ్డ కొట్టంలో గుళ్లకోసం చెక్కిన రెండు వినాయక విగ్రహాల్లో ఒకదానికి ఆ మందు కొట్టి చూపించాడు. మా ఆయన రెండోదానికీ కొట్టమన్నాడు.

పరాయివాళ్ల ముందు నోరు విప్పని నేను అడ్డంగా నిలబడ్డాను.

"రాతిలోకి పోయేది కడుపులోకి పోదా అన్నా? అభిషేకం పాలు పసిపిల్లోళ్లు తాగుతారు."

"నీకేం తెల్సు? లోపలికి పో" అని మా ఆయన కసిరాడు.

"ఏం గాదమ్మా. మందు కొట్టిన బొమ్మ మీద పాలు పోసి తే, నేనే తాగుతా" అని ఏజెంటు నవ్వాడు.

విగ్రహాల వెనక్కి వెళ్లి, పాలు పోసి, కిందికి జారినవి గిన్నెలో పట్టి తెచ్చి అతని అరచేతిలో పోశాను.

తీర్థం తీసుకున్న చేయి ఎవరైనా తలకు రాసుకుంటారు. అతను నోటిదాకా ఎత్తి, పాలు నేలమీద వదిలేసి, జేబురుమాలుతో చేయి రుద్ది రుద్ది తుడుచుకున్నాడు.

మా ఆయన చూశాడు. "డబ్బా ఎత్తుకోప్పా. కొట్టిన బొమ్మను గూడా నేను గుడికియ్యను."

అతను వెళ్లాక నా వైపు తిరిగాడు. "నువ్వు గట్టిదానివే. మనిషికి విషం తాగించబోతివి."

"యాడ తాగిస్తి? మందు కొట్టని వినాయకుని మీదనే పోసినా."