తొమ్మిదో ఆపరేషన్

“మార్చకూడదంటే మార్చకూడదు!” అని అరిచాడు డాక్టర్ నిబాల్డో. ఆయన చేతిలో కత్తి. కత్తి కింద ఎవేలియో పొట్ట.

ఎవేలియోకి ఛాతీ కిందినుంచి స్పర్శ లేదు గానీ చెవులు శుభ్రంగా పనిచేస్తున్నాయి. గుండెలకి అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డ మీదుగా డాక్టరుగారి కత్తి లేస్తోంది, దిగుతోంది. చిన్న హెర్నియా ఆపరేషను. ఇదిగో కోస్తున్నాం అని చెప్పి ఇరవై నిమిషాలైంది, కోత ఇంకా పడలేదు. ఈలోగా కిటికీలో రేడియోలో బేస్‌బాల్ ఆట చివరి ఇన్నింగ్స్‌లోకి వచ్చేసింది. మా ఊరి జట్టు ఒక్క పరుగు ముందుంది. బంతి వేస్తున్నది ఒస్మెల్. ఆట మొదలైనప్పట్నుంచీ వాడొక్కడే.

“నూట పద్దెనిమిది బంతులేశాడు, డాక్టరుగారూ!” అన్నాడు మత్తు డాక్టరు రిగోబెర్తో. ఆయన ఒక కన్ను ఎవేలియో నాడి మీద, రెండో కన్ను తన నోటుపుస్తకం మీద ఉన్నాయి. “సీజనంతా రాసిపెట్టాను. వంద దాటాక వాణ్ణి పదిమందిలో నలుగురు బాదేస్తున్నారు. అవతల మైదానం పక్కన బుల్‌పెన్‌లో, బదులు వెయ్యాల్సిన ఎడమచేతివాడు అరగంట నుంచి చెయ్యి వేడి చేసుకుంటున్నాడు. మేనేజరు మైదానంలోకి నడిచి, ఇలా తన ఎడమచెయ్యి రెండుసార్లు తడితే చాలు. ఒస్మెల్ బంతి ఆయన చేతిలో పెట్టి పోతాడు, ఎడమచేతివాడు వస్తాడు. పీడా వదుల్తుంది.”

“ఎలా వదుల్తుందయ్యా? వచ్చినవాడు రాగానే బంతి వేస్తాడా? నిబంధన ప్రకారం ముందు ఎనిమిది ఉత్తుత్తి బంతులు వేసుకుంటాడు. అందాకా మనం నోళ్లు తెరుచుకుని చూడాలి. మొదలెట్టినవాడే ముగించాలి. దాన్ని పౌరుషం అంటారు. నన్ను చూడు. పొద్దుట్నుంచి ఇది నాకు తొమ్మిదో ఆపరేషను. ఎక్కడైనా అలసట కనిపిస్తోందా?”

అని కత్తి గాల్లో ఝళిపించాడు. అది జారి ఖంగున నేలమీద పడింది.

“చెమట,” అన్నాడు నిబాల్డో. “ఇంకోటివ్వండి.”

“ఇది మూడోది,” అన్నాడు రిగోబెర్తో.

ఎవేలియోకి చెమటలు పట్టాయి. ముప్ఫయ్యేళ్లుగా బస్సు నడుపుతున్నాడు పాపం. ఎనిమిది ట్రిప్పులు తిరిగాక తనైనా స్టీరింగు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. పైగా ఇది బస్సు కాదు, కడుపు. తల తిప్పి చూశాడు. తలుపు దగ్గర స్టూలు మీద డాక్టర్ ఇదాల్మిస్ కూర్చుని ఉంది. ఆవిడ డ్యూటీ రెండింటికే మొదలైంది. నిబాల్డో బల్ల వదిల్తేగా! చేతులకి గ్లవ్స్ వేసుకుని, కూర్చున్నచోటే ఎడమభుజం తిప్పుకుంటోంది.

“డాక్టరుబాబూ, ఒక్క మాట...” అన్నాడు ఎవేలియో.

“నువ్వే చెప్పు పెద్దాయనా! ఉంచాలా, తీసెయ్యాలా?”

“తీసెయ్యండి బాబూ! ఈ క్షణమే తీసెయ్యండి!”

“నీకు ఆట తెలీదు. పడుకో.”

రేడియోలో టప్పున శబ్దం. ఆ వెంటనే జనం హాహాకారాలు. ఒస్మెల్ వేసిన బంతి కంచె దాటి అవతల పడింది. అవతలి జట్టుకి రెండు పరుగులొచ్చాయి. ఆధిక్యం మట్టికొట్టుకుపోయింది.

“నేను చెప్పలా?” అన్నాడు రిగోబెర్తో, నోటుపుస్తకం తడుతూ.

“వాడి తప్పు కాదు! గాలి! గాలి అలా తోసింది!” నిబాల్డో బల్ల మీద గుద్దాడు. బల్లతోపాటు ఎవేలియో ఎగిరిపడ్డాడు. “సరే, మన పని కానిద్దాం. కోత ఎక్కడన్నాం? కుడివైపేగా?”

“ఎడమ!” అన్నాడు ఎవేలియో ఏడుపుగొంతుతో.

ఇక లాభం లేదనుకున్నాడు. గుడ్డ కిందనుంచి రెండు చేతులూ పైకి లాగాడు. కుడిచేత్తో తన ఎడమచెయ్యి తట్టాడు. ఒకసారి. రెండోసారి.

గదిలో అందరూ కొయ్యబారిపోయారు. ఎవరో రేడియో గొంతు తగ్గించారు. తలుపు దగ్గర ఇదాల్మిస్ లేచి నిలబడింది.

“నన్నా?” అన్నాడు నిబాల్డో.

“బాగా వేశావు నాయనా,” అన్నాడు ఎవేలియో మెత్తగా. “ఎనిమిది గెలిపించావు. ఎవరు కాదంటారు? ఇక చాలు.”

నిబాల్డో పళ్లు కొరికాడు. పైకప్పు వైపు చూశాడు. వాదించడానికి నోరు తెరిచాడు. కానీ ఎంతైనా మా ఊళ్లో పుట్టి పెరిగినవాడు. మేనేజరు చెయ్యి తట్టాక మాట్లాడే అలవాటు ఇక్కడ ఎవరికీ లేదు. తలొంచుకుని కత్తి ఎవేలియో అరచేతిలో పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా తలుపు వైపు నడిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రిగోబెర్తో ఆయన వీపు తట్టి, “మహా ఆట ఆడారు, డాక్టరుగారూ!” అన్నాడు. నిబాల్డో టోపీ కాస్త పైకెత్తి వెళ్లిపోయాడు.

ఇదాల్మిస్ వచ్చి బల్ల పక్కన నిలబడింది. చెయ్యి ఇసుమంతైనా వణకడం లేదు. ఎవేలియోకి ప్రాణం లేచొచ్చింది. కత్తి ఆవిడ ఎడమచేతిలో పెట్టి, “ఎడమవైపమ్మా,” అన్నాడు. “చిన్న కోత. ఇక అంతా నీ చేతిలోనే ఉంది తల్లీ.”

ఇదాల్మిస్ కత్తి బరువు చూసుకుంది. భుజం ఒకసారి గుండ్రంగా తిప్పింది. గుడ్డ మీదుగా వంగి ఆయన కళ్లలోకి చూసి అభయమిచ్చింది.

“మీరేం కంగారుపడకండి బాబాయ్. అసలు కోత తర్వాత. ముందు నా ఎనిమిది ఉత్తుత్తివి వేసుకోనివ్వండి.”