ఖైదీ వేషం

"అందరూ రాజు వేషమే కావాలంటే ఎలాగండీ? ఇప్పటికే నలుగురు రాజులున్నారు. ఏలుకోవడానికి ప్రజలే లేరు!" అని తల పట్టుకున్నాడు పళ్ల డాక్టరు.

ఆదివారాలు జనాన్ని పోగేసి రాజ్యం ఆట ఆడించే సంఘం ఆయనదే. వేషం కట్టాక సాయంత్రం దాకా ఆ మనిషిగానే మాట్లాడాలి. ముందే రాసిన మాటలుండవు, చూసేవాళ్లూ ఉండరు. కొత్తవాళ్లు వచ్చి కిరీటం అడుగుతారు, దొరక్కపోతే మళ్లీ కనిపించరు.

ఆ రోజు కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ మాత్రం, "నాకు ఖైదీ వేషం ఇవ్వండి," అంది.

"మేడమ్, చెరసాలంటే ఆ మూల గది. ఊరికే కూర్చోవడం తప్ప పనేమీ ఉండదు."

"ఎవరూ వచ్చి ఏమీ అడగరుగా?"

"ఖైదీని ఎవరడుగుతారండీ?"

"మరి ఫోను?"

"గుమ్మం దగ్గరే లాక్కుంటాం."

ఆమె ముఖం వెలిగిపోయింది. లోపలికి వెళ్లిన కాసేపటికే గురక వినిపించింది.

సేనాపతి తొంగిచూశాడు. మామూలు రోజుల్లో అతను బ్యాంకు మేనేజరు. కత్తి కింద పెట్టి, "నేనూ రాజద్రోహం చేశానండీ," అన్నాడు ఆశగా. అతని వెనకే ఇద్దరు రాజులు కిరీటాలు తీసి వరసలో నిలబడ్డారు.

డాక్టరుకు కోపం రాబోయి ఆగిపోయింది. సంఘం పెట్టిన నాటినుంచీ ఫోన్లు చేయడం, బతిమాలడం, అలిగినవాళ్లను బుజ్జగించడమే తప్ప, తానొక్క ఆటైనా ఆడిందెప్పుడు?

"జరగండయ్యా," అన్నాడు వరసను తోసుకుంటూ. "అసలీ రాజ్యం పెట్టిన నేరం నాది. ముందు నన్ను లోపలెయ్యండి."

హెడ్‌మిస్ట్రెస్ కళ్లు తెరవకుండానే పక్కకు జరిగి చోటిచ్చింది.