సాసు మిషను అప్పు

"యాడికి, ఇంత పొద్దున్నే?" అంది నాగరత్నమ్మ, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

"పుంగనూరుకి. హాస్టలుకి బియ్యం బేరం మాట్లాడాల," అన్నాడు ధనుంజయ.

భార్యకు అబద్ధం చెప్పడం అతనికి కొత్తేమీ కాదు. రెండేళ్ళుగా ఒక పెద్ద అబద్ధాన్ని పెంచి పోషిస్తున్నాడు. ఈ చిన్నది దాని పిల్ల.

అతను వెళ్తున్నది కుప్పం. ఇంట్లో తెలియకూడదని అంత దూరం పోయి చేసిన మూడు లక్షల అప్పు అక్కడి బ్యాంకులో అతని పేరు మీద ఉంది. అంగళ్లు అనే ఊరి దగ్గర కాలేజీ హాస్టల్లో స్టోర్‌కీపరతను. పప్పు, ఉప్పు గ్రాము తేడా రానివ్వడని పేరు. ఆ తెలివంతా హాస్టలు గేటు దాకే.

అప్పుకు కారణం టొమోటా. మదనపల్లె మార్కెట్లో కిలో మూడు రూపాయలకు పడిపోయి, రైతులు రోడ్డు పక్కన పారబోస్తున్న రోజుల్లో అతనికి జ్ఞానోదయమైంది. సాసు చేస్తే? వెంటనే మిషను కొన్నాడు. అది ఇంట్లో దిగిన వారానికే టొమోటా కిలో నూటిరవై అయింది. ధర దిగేదాకా ఆగాడు. ధర దిగింది, కానీ ఆలోగా మిషను తుప్పు పట్టింది. ఇప్పుడు దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నారు. మూడు లక్షల దండెం ఈ చుట్టుపక్కల ఇంకెవరింట్లోనూ లేదు.

"అప్పు చేయలా. చీటీ డబ్బుతో కొన్నా," అని అప్పట్లో భార్యకు గొప్పగా చెప్పాడు. మిషను వద్దని మొత్తుకున్న మనిషి ఆ మాట విని ఊరుకుంది. ఇప్పుడు నిజం తెలిస్తే తిడుతుందని కాదు అతని భయం. ఇకమీదట తన ఏ మాటా నమ్మదని.

పుంగనూరు బస్టాండులో దిగి టీ తాగాడు. అబద్ధం మరీ పచ్చి అబద్ధం కాకూడదు గదా! తర్వాత బస్సులు మారి కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది.

బ్యాంకు మేనేజరు వసుధ అతని ఫైలు తెరిచింది.

"నెలాఖరులోగా మీరు రాజీకి రాకపోతే, మీ జీతం పడే ఖాతాని ఆపేస్తాము సార్. పడిన జీతం పడినట్టే అప్పుకి పోతాది."

ధనుంజయ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఒకటో తేదీ వట్టి చేతులతో ఇంటికి పోతే ఇంక దాచేదేముంది?

"రాజీకొస్తే?"

"వడ్డీ చానా వరకు తీసేస్తాము. నాలుగేళ్ళు, నెలకి ఐదువేలు. ఐదో తేదీ దానంతట అదే కట్ అవుతాది, మిగతా జీతం మీరు తీసుకోవచ్చు. ఒకటే ఇబ్బంది. రాజీ చేసుకున్నట్టు మీ పేరు మీద రికార్డు ఉంటాది. ఇంకే బ్యాంకూ మీకు అప్పియ్యదు."

"నాకు అప్పు పుట్టకపోవడం కంటే మంచి విషయం ఏముండాది మేడం!"

వసుధ నవ్వింది. ధనుంజయ మాత్రం అప్పటికే లెక్కల్లో పడ్డాడు. నెలకు ఐదువేలు తక్కువైతే ఇంట్లో ఏం చెప్పాలి? కాలేజీ జీతాలు తగ్గించిందని చెప్పాలి. నమ్ముతుందా? ఎందుకు నమ్మదు, చీటీ కథనే నమ్మింది.

"ఇట్లాంటి రాజీ అందరికీ ఇయ్యము సార్," అంది వసుధ. "మీరు రెండేళ్ళుగా నెలనెలా రెండువేలు కడతా వచ్చినారు, మదనపల్లె బ్రాంచిలో. అది చూసే పైవాళ్ళు ఒప్పుకున్నారు."

ఈ రెండేళ్ళలో ధనుంజయ కట్టింది సున్నా. ఎవడో వెర్రిబాగులవాడు ఖాతా నంబరులో అంకె తప్పు రాసి, నెలనెలా తన అప్పు తీరుస్తున్నాడన్నమాట! చెబితే రాజీ ఊడిపోతుంది. చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. నిజాయితీ గురించి అర నిమిషం గట్టిగా ఆలోచించాడు.

"నేను మాట మీద నిలబడే మనిషిని మేడం," అన్నాడు. అన్నాక తనకే సిగ్గేసింది.

సంతకాలు పూర్తయ్యాయి.

"మీ ఫోనుకి ఓటీపీ వస్తాది. చెప్పండి."

ఫోను చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఏమీ రాలేదు.

"మీ బ్యాంకు నుంచి నాకు ఒక్క మెసేజూ ఎప్పుడూ రాలేదు మేడం. రహస్యంగా ఉంటాదని నేనూ అడగలా."

వసుధ కంప్యూటరులోకి చూసింది. "ఖాతాకి ఇచ్చిన నంబరుకే పోయింది సార్. చివర నలభై ఏడు. మీదే కదా?"

కాదు. పదేళ్ళ కిందట ఈ బ్యాంకులో జీతం ఖాతా తెరిచేనాటికి ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. ఆ నంబరు ఇప్పుడు నాగరత్నమ్మది.

ఏం చెప్పాలో తోచేలోపే చేతిలో ఫోను మోగింది.

"రత్నా, ఈడ పుంగనూర్లో సిగ్నలు సరిగా..."

"రాసుకో. మూడు, తొమ్మిది, సున్నా, రెండు, ఆరు, ఒకటి. ఎవురికీ చెప్పద్దని రాసుండాది. బ్యాంకోళ్ళకైతే చెప్పచ్చు గదా?"

అతని చేతిలో పెన్ను దానంతట అదే అంకెలు రాసింది.

"వింటాండావా? ఈ నెల రెండువేలు కట్టేదానికి నాకు ఇంకా కుదర్లేదు, సోమవారం తప్పకుండా కడతానని వాళ్ళకి చెప్పు."