మూడో బావి

భద్రమ్మ చేలో మూడో బోరులోనూ నీళ్ళు పడలేదు. ఏడు వందల అడుగులు దిగినా ఒకటే దుమ్ము. అది చూసి వచ్చిన నారాయణప్ప కాళ్ళు కూడా కడుక్కోకుండా గడప మీద కూలబడ్డాడు.

లోపల కొడుకు ఓబిలేష్ ఫోనులో గేమ్ ఆడుతున్నాడు. డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు. గేముల మీద వీడియోలు చేసి యూట్యూబులో పెడుతుంటాడు.

"ఊరు ఎండిపోతాంటే నీకు ఆటలారా?"

"రవ్వంత ఆగు నాయనా. ఈ కోరిన్‌ను నరకాల్నో వదలాల్నో తేల్చాల. ఒగసారి నొక్కితే మళ్ళా వెనక్కి రాదు. నేనేం చెప్తానా అని జనం కాచుకోని ఉండారు."

"ఎవడు వాడు?"

ఓబిలేష్ చెప్పాడు. ఎడారిలో వలసపోయే జనానికి కోరిన్ తోడు. నీళ్ళున్న బావి చూపిస్తానని బంగారు నాణెం తీసుకుంటాడు. మొదటి బావి ఎండిపోయి ఉంది. రెండోదీ అంతే. మూడోదాని దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. నీళ్ళెక్కడున్నాయో కోరిన్‌కు ఏనాడూ తెలియదు.

నారాయణప్ప మొహం జేవురించింది. "ఇంకేం చూస్తాండావు? నరుకు!"

"అట్లంటే ఎట్ల? నీళ్ళు లేవని చెప్పింటే అందరూ ఆడనే పడి చచ్చిందురు. వాడు చూపించినాడు కాబట్టే నడిచినారు. మొదట్లో దొంగే. పోనుపోను మారినాడు. తన వంతు నీళ్ళు గూడా పసిపిల్లలకు పోసినాడు."

"పోస్తే? నాణెం తీసుకున్నాడా లేదా?"

"వానికీ ఇల్లు ఉండాది నాయనా. వాని పిల్లోళ్ళు తినొద్దా?"

"పిల్లోళ్ళ పేరెత్తొద్దు!" ఆ అరుపుకు పొయ్యి దగ్గరి పిల్లి లేచి పరుగు తీసింది. ఆడేది ఫోనులో బొమ్మలాట. దానికింత రభసా! "తెలీదు అని ఒగ మాట చెప్తే వాని నోరు పడిపోతాదా? నమ్మినోళ్ళ గొంతు కోసి, మళ్ళా జాలి చూపిస్తాడంట, జాలి! సిగ్గులేని నా కొడుకు!"

ఓబిలేష్‌కూ ఒళ్ళు మండింది. "అడిగిందెవరు? ఆ జనమే గదా! మూడో బావి తర్వాత గూడా వాళ్ళే వచ్చి నాలుగోది చూపించమంటారు."

"అబద్ధం! మూడుసార్లు మోసపోయినోళ్ళు మళ్ళా వాని గడప తొక్కుతారా? మొహాన ఉమ్ముతారు. ఆ కథ రాసినోనికి బుద్ధి లేదు."

కొడుకు తండ్రి మొహంలోకి ఒకసారి చూశాడు. బొటనవేలు తెర మీదికి పోయింది. నారాయణప్ప ఊపిరి బిగబట్టాడు. నరకాలి. కనీసం వీడైనా నరకాలి.

"వదిలేసినా నాయనా," అన్నాడు ఓబిలేష్.

నారాయణప్ప ఫోను లాక్కుని నేలకేసి కొట్టబోయాడు. అంతలో వాకిట్లో అలికిడి. భద్రమ్మ. తలంతా తెల్లటి దుమ్ము, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

ఆమె కొంగు చాటు నుంచి టెంకాయ తీసి అతని ముందు పెట్టింది.

"కోప్పడొద్దన్నా, మూడుసార్లూ నువ్వు చూపించిన తావులో నీళ్ళు పడలేదంటే అది నా ఖర్మ, నాలుగో బోరుకు గూడా నువ్వే తావు చూపించల్ల."