పేరు చెప్పని కూర

"ఆనపకాయ కాదు మామ్మా, సొరకాయ! ఎన్నిసార్లు చెప్పాలి?" చైత్ర నాలుగోసారి కసిరింది.

"నా నోటికి అదే వొస్తాది తల్లీ," అని ముక్కలు తరుగుతున్న తవిటమ్మ కూడా నాలుగోసారి చెప్పి, ఇక ఆ పేరే ఎత్తడం మానేసింది.

అత్తగారు అలా మానుకోవడం ఇందుమతికి గుచ్చుకుంది. ఆమె బొబ్బిలి బడిలో హెడ్మిస్ట్రెస్. ఆ బడిలోనే కాదు, ఇప్పుడు ఏ బడిలోనైనా పాఠం చెప్పేది గోడే, గోడంతా పరిచిన మాట్లాడే తెర. ఆనపకాయ అన్న ప్రతి పిల్లకూ, చైత్రకు కూడా, ఆ గోడ తప్పు వేస్తుంది. దిద్దుకోనివ్వమని ఆ గోడ పెట్టిన కంపెనీకి ఆమె మూడుసార్లు రాసింది. లోపలి పాఠాన్ని ముట్టుకునే హక్కు బడికి లేదని కంపెనీ జవాబిచ్చింది.

రేపటితో ఆ కంపెనీతో బడి ఒప్పందం ముగుస్తుంది. ఎవరైనా విప్పి దిద్దుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. ఏది పెట్టాలో తేల్చవలసింది ఆమే.

"ఊరికే వొచ్చినదానికి చాకిరీ ఎక్కువ. పాడైతే నువ్వే కూకుని బాగుచెయ్యాల. ఆదివారాలైనా మాకు దక్కుతావేటి?" అన్నాడు భర్త సత్యారావు. అదీ నిజమే.

భోజనాల దగ్గర తవిటమ్మ కూరగిన్నె పట్టుకుని మనవరాలి ముందు ఒక్క క్షణం తడబడింది. "ఇది... ఇంకొంచెం ఎయ్యనా?" అంది.

ఇందుమతి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"మా బడికి ఆ దిద్దుకునేదే పెడుతున్నాను," అంది నెమ్మదిగా, అందరికీ వినబడేలా. "ఆదివారాలు పోతే పోనీండి. సొరకాయ పక్కన మన మాట కూడా ఉండాల. అది మీ గొంతుతోనే గోడకి ఎక్కిస్తాను అత్తా. ఈ కూర పేరేటో ఒకసారి చెప్పండి."