దొరగారి మశూచి

"అత్తయ్యగారూ! దొరకి మశూచి!"

పెరట్లోంచి అల్లుడు పెట్టిన కేకకి వంటింట్లో గరిట కింద పడింది. దొర అంటే మనిషేమీ కాదు, అత్తగారు ముద్దుగా పెంచుకుంటున్న కోడిపుంజు. పేరుకి తగ్గట్టే ఇంటి పెత్తనమంతా దానిదే.

అత్తగారు చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చింది. అల్లుడు దొరని చంకలో ఇరికించుకుని, జ్వరమొచ్చిన బిడ్డని ఎత్తుకున్న తండ్రిలా దిగాలుగా నిలబడ్డాడు. దొర తలమీద ఎర్రటి తురాయి నిండా కాఫీరంగు పొక్కులు, గరుకుగరుకుగా.

"నిన్న సాయంత్రం లేవే ఇవి!"

"రాత్రికి రాత్రే పొంగాయండీ. ఇది అంటురోగం, ఫోన్లో చదివాను. దీన్ని ఉంచామంటే మిగతా కోళ్ళు కూడా పోతాయి. మనసు రాయి చేసుకోండి అత్తయ్యగారూ, ఎక్కడికైనా పంపించేద్దాం."

నిజానికి మనసు రాయి చేసుకున్నది అల్లుడే. బేకరీలో రాత్రంతా పొయ్యి దగ్గర పని చేసి తెల్లారాక ఇంటికొస్తాడు. ఇలా నడుం వాలుస్తాడో లేదో, అలా దొర కిటికీ కింద చేరి గొంతు సవరించుకుంటుంది. ఇక మధ్యాహ్నం దాకా కచేరీయే. నిద్రలేని కళ్ళతో మొన్న ఒక ట్రే రొట్టెలు బొగ్గు చేశాడు. ఇంకోటి మాడితే మళ్ళీ రానక్కర్లేదన్నాడు యజమాని. అత్తగారి దగ్గర మొరపెట్టుకుంటే, "కోడన్నాక కూయక, మ్యావ్ అంటుందా అల్లుడూ?" అని తీసిపారేసింది.

అందుకని ఫోన్లో కోళ్ళ జబ్బులన్నీ తిరగేశాడు. కొక్కెర తెగులు భయంకరమైనదే గానీ, దానికి మెడ వంకర తిరగాలి, పచ్చగా పారుకోవాలి. పుంజు చేత ఆ రెండూ చేయించడం ఎవరి తరం? రంగు వేస్తే వచ్చే జబ్బు మశూచి ఒక్కటే. పెళ్ళాం గోళ్ళరంగుతో చుక్కలు పెట్టి, తడి ఆరకముందే పైన మాడిన రొట్టెల పొడి అద్దాడు. అయ్యాక చూసుకుంటే తనకే ఒళ్ళు జలదరించింది.

"పశువుల డాక్టరమ్మని పిలుస్తానుండు," అంది అత్తగారు.

"ఎందుకండీ పాపం ఆవిడకి శ్రమ..."

అప్పటికే అత్తగారు ఫోను చెవిన పెట్టేసుకుంది.

డాక్టరమ్మ స్కూటరు దిగి, చేతికి తొడుగులేసుకుని దొర ముందు గొంతుక్కూర్చుంది. "మేత మానేసిందా?"

"మానడమా! పొద్దున నా వేలు కూడా మేతే అనుకుంది," అంది అత్తగారు.

"ముక్కు కారడం, ముడుచుకుని కూర్చోవడం?"

"లేదమ్మా."

"కూస్తోందా?"

"కూస్తోందండీ," అన్నాడు అల్లుడు, గుండె లోతుల్లోంచి.

దొరని కింద వదిలారు. ఒక ముసలి పెట్ట దగ్గరికొచ్చి, మెడ వాల్చి తురాయి వంక చూసింది. టక్కున ఒక పొక్కు పొడుచుకుని మింగింది. రుచి బాగున్నట్టుంది, ఇంకోటి కూడా పొడిచింది. అది చూసి పెరట్లో పెట్టలన్నీ దొర చుట్టూ మూగాయి.

"హుష్! హుష్! అంటుకుంటుందే, చస్తారే!" అల్లుడు తువ్వాలు తిప్పుతూ వాటి మధ్య గంతులేశాడు.

డాక్టరమ్మ మిగిలిన పొక్కుని గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. "కాసిని వేణ్ణీళ్ళు తెచ్చిపెడతారా?" అంది అల్లుడితో.

అతను గిన్నెతో తిరిగొచ్చేసరికి అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పాపం ఏడుస్తోంది అనుకున్నాడు. కొంచెం జాలి కూడా వేసింది.

"మశూచే," అంది డాక్టరమ్మ గంభీరంగా. "ఇలాంటిది నా సర్వీసులో చూడలేదు."

"అయితే వదిలించుకోవాల్సిందేనా?" గొంతు వీలైనంత బొంగురు చేశాడు అల్లుడు.

"అబ్బే, మశూచికి కోడిని చంపేస్తారా ఎవరైనా! పొక్కులు ఎండి వాటంతటవే రాలిపోతాయి. కాకపోతే దీన్ని కుట్టిన దోమ ఇంకో కోడిని కుడితే దానికీ వస్తుంది. అందుకని దోమ దూరని గదిలో విడిగా పెట్టాలి, మూడు వారాలు. కిటికీకి జాలీ ఉన్న గది ఉందా ఇంట్లో?"

ఉంది. ఒక్కటే ఉంది. పగటి నిద్రలో దోమలు పీకుతున్నాయని అల్లుడే పట్టుబట్టి జాలీ కొట్టించుకున్న గది.

"అది... మా గదండీ."

"మంచిదే. ఎలాగూ దీన్ని ముట్టుకున్న మనిషి మిగతా కోళ్ళ జోలికి పోకూడదు. మీరే కనిపెట్టుకుని ఉండండి."

"చీకటి చేసి ఉంచితే కూయదు కదండీ?"

"చీకటి అసలు పనికిరాదు, వెలుతురు ఉండాలి. కూస్తోందంటే కోలుకుంటున్నట్టు. కూయకపోతేనే నాకు ఫోన్ చెయ్యండి."

పెళ్ళాం తలగడ చంకన పెట్టుకుని, మొగుడి మొహం చూడకుండా అమ్మ గదిలోకి నడిచింది. దొర మాత్రం మర్యాదగా పిలిస్తే వచ్చిన చుట్టంలా ఠీవిగా లోపలికొచ్చింది. మంచం పట్టె మీదకి ఎగిరి కూర్చుని, సరిగ్గా అల్లుడి చెవి దగ్గర గొంతు సవరించుకుంది.

కిటికీ జాలీ అవతల అత్తగారి మొహం కనిపించింది.

"పొక్కులు రాలిపోయాయని దిగులు పడకు అల్లుడూ. అమ్మాయి గోళ్ళరంగు సీసా నీ తలవైపు గూట్లోనే పెట్టాను, రొట్టెల పొడి ఎలాగూ నువ్వే తెచ్చుకుంటావు!"