సాయం వద్దన్న పెద్దమనిషి

"ఈ పిల్లకి సాయం ఇవ్వడానికి వీల్లేదు," అన్నారు దోన్ నిస్సిమ్.

బల్ల చుట్టూ కూర్చున్న మిగతా బడి కమిటీ పెద్దలు ముఖముఖాలు చూసుకున్నారు.

ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న ఫ్లోరా చేతిసంచీని గట్టిగా పట్టుకుంది. పక్కన ఆమె కూతురు నోయెమి తలొంచుకుంది.

మోంతెవిదేయో నగరంలో మా యూదు పిల్లలు చదివే బడి అది. అక్కడ పెద్దవాళ్ళని 'దోన్' అంటాం, 'గారు' అన్నట్టు. నోయెమి వాళ్ళ నాన్న స్వెటర్ల కొట్టు మూతపడింది. వచ్చే ఏడు ఫీజు కట్టే దారి లేదు.

"అయ్యా, పలక పట్టిన నాటి నుంచీ ఇక్కడే చదువుతోంది," అంది ఫ్లోరా. "క్లాసులో ఎప్పుడూ ఫస్టే."

"ఫస్టా? అయితే అసలే వద్దు. మీరిక వెళ్ళండి."

గేటు దాటగానే ఫ్లోరా ఇక ఆపుకోలేకపోయింది.

"మనిషి కాదు, రాయి! ప్రతి శనివారం షాబాత్ నాడు ముందు వరసలో కూర్చుని ప్రార్థన చేస్తాడే, ఆ నోటితోనే అన్నాడా మాట!"

"పోనీలే అమ్మా. సర్కారు బడి ఉందిగా."

"మరి నీ గొంతెందుకే అలా వణుకుతోంది?"

"చలేస్తోంది," అంది నోయెమి, మండుటెండలో.

ఆ వారంలోనే హెడ్‌మిస్ట్రెస్ పెర్లా ఫోన్ చేసింది. పిల్లలు ఆమెని 'మోరా' అంటారు, టీచరమ్మ అన్నట్టు.

"ఆదివారం మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. నోయెమిని పంపండి."

"అలాంటి పరీక్ష ఒకటుందా మోరా?"

"ఈ ఏడు నుంచి ఉంది."

పరీక్ష గది గుమ్మంలో చేతికర్రతో నిలబడి ఉన్నారు దోన్ నిస్సిమ్. నోయెమి ఆయన్ని తప్పించుకుని మూల బల్ల వైపు నడిచింది.

"ఆ మూల చీకటి. కిటికీ దగ్గర కూర్చో," అన్నారాయన.

నోయెమి వెళ్ళి కూర్చుంది. కోపంతో రాసింది. కోపం మీద లెక్కలు భలే కుదిరాయి.

ఫస్ట్ వచ్చింది. చదువు పూర్తయ్యేదాకా ఫీజు లేదు.

ప్రతి శుక్రవారం షాబాత్‌కి స్వాగతంగా పిల్లలు పాటలు పాడుతుంటే దోన్ నిస్సిమ్ వచ్చి వెనక కూర్చునేవారు. అయిపోయాక గేటు దగ్గర నిలబడి పేరు పేరునా పలకరించేవారు.

"షాబాత్ షాలోమ్, నోయెమి."

నోయెమి వంగి బూటు లేసు కట్టుకునేది.

పై క్లాసులకొచ్చాక విద్యార్థి సంఘం అధ్యక్ష పదవికి నిలబడింది. పోటీ ఊరియెల్. వాళ్ళ నాన్నకి రెండు మందుల షాపులు.

ఆమె ప్రసంగం మొదలెట్టగానే ఊరియెల్ జట్టు కుర్రాడొకడు వెనక నుంచి అరిచాడు.

"ఫీజు కట్టనివాళ్ళు కూడా లీడర్లేనా? విందు నాడు స్టేజీ ఎక్కి థాంక్స్ చెప్పుకో, పో!"

హాలంతా గొల్లుమంది.

ఏటా బడి విందులో, సాయం మీద చదివే పిల్లల్ని స్టేజీ ఎక్కించి దాతలకి కృతజ్ఞతలు చెప్పించడం ఆనవాయితీ.

"నేనెక్కక్కర్లేదురా బాబూ," అంది నోయెమి. "పరీక్ష రాసి తెచ్చుకున్నాను. నువ్వూ రాశావుగా, గుర్తుందా?"

ఈసారి నవ్వు అటు తిరిగింది.

"కానీ ఎక్కేవాళ్ళు ఉన్నారు. మన పక్క బెంచీల్లోనే ఉన్నారు. వాళ్ళు ఈ మాట అడగలేరు. నేను అడగగలను. నన్ను గెలిపిస్తే ఆ ఆనవాయితీ ఆపిస్తాను."

గెలిచింది.

కమిటీ గదిలోకి వెళ్ళి అడిగింది. పెద్దలు నసిగారు. దోన్ నిస్సిమ్ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఓటింగు అనగానే మాత్రం అందరికంటే ముందు చెయ్యెత్తారు. ఆయన్ని చూసి ఒకరూ, వాళ్ళని చూసి ఇంకొకరూ ఎత్తారు.

"ముసలాయన దేనికి చెయ్యెత్తాడో ఆయనకే తెలిసుండదు," అంది నోయెమి ఇంటికొచ్చి. తల్లీకూతుళ్ళు పడీపడీ నవ్వుకున్నారు.

ఆ ఏడు విందులో స్టేజీ మీద పాటలే పాడారు. ఏ పిల్లాడూ తలొంచుకోలేదు.

తర్వాత కొద్ది రోజులకే దోన్ నిస్సిమ్ పోయారు.

బడి తరఫున పరామర్శకి అధ్యక్షురాలు వెళ్ళాలి. మోరా పెర్లా వెంట నోయెమి ముభావంగా నడిచింది.

"ఒక మాట చెప్పాలి నీకు," అంది మోరా. "ఆ పరీక్ష పెట్టించింది ఆయనే. 'సాయం కింద పేరు రాస్తే ఈ పిల్లని కూడా స్టేజీ ఎక్కిస్తారు. గెలుచుకుని రానివ్వండి' అని కమిటీతో పెద్ద గొడవ పడ్డారు."

నోయెమి నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం మోరా?"

"చెబితే నాతో మాట్లాడనన్నారు."

ఆ ఇంట్లో, మా చావింటి ఆచారం ప్రకారం, అద్దాలకి గుడ్డలు కప్పి ఉన్నాయి. దోన్ నిస్సిమ్ అక్క ఎస్త్రెయా నేలబారు పీట మీద కూర్చుని ఉంది. నోయెమి వెళ్ళి ఆమె పక్కన నేల మీదే చతికిలబడింది.

"అవ్వా, నేను ఆయన్ని ఒక్కసారి కూడా పలకరించలేదు."

"నువ్వేనా నోయెమివి?" ముసలామె మొహం వెలిగింది. "వాడికి తెలుసులే. 'అక్కా, ఇవాళ కూడా లేసు కట్టుకుంది' అని ఇంటికొచ్చి తెగ నవ్వేవాడు."

నోయెమి నవ్వబోయి ఏడ్చేసింది.

"విందు నుంచి వచ్చాక మాత్రం ఆ కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరూ స్టేజీ ఎక్కలేదక్కా, ఎవర్నీ ఎక్కించలేదక్కా అని."

"దానికి ఏడవడమెందుకవ్వా?"

ఎస్త్రెయా ఆ పిల్ల చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఆ బడి పెట్టిన కొత్తలో, దాతలిచ్చిన కోటు తొడిగి మొట్టమొదట ఆ స్టేజీ ఎక్కించిన పిల్లాడు మా తమ్ముడేనమ్మా."